టాబ్లెట్ చార్జింగ్ పోర్టు మార్చాలి, కాళ్లు అతికే బోర్డు మీది రాగి ప్యాడ్లు లేచిపోకుండా పాతది ఎలా తీయాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి చదువుకునే టాబ్లెట్‌లో మైక్రో యూఎస్‌బీ పోర్టు ఒక పక్కకు ఒరిగిపోయింది. విప్పి భూతద్దంతో చూశాను. 5 సన్న కాళ్లలో 4 బాగానే ఉన్నాయి. 5 వోల్టులు వచ్చే కాలు మాత్రం ప్యాడ్‌తో సహా కాస్త పైకి లేచింది.

బ్యాటరీ తీసేసి, చుట్టూ వేడిని తట్టుకునే కాప్టన్ టేపు వేసి, సోల్డర్ (టంకం) బాగా కరిగి పారేందుకు ఫ్లక్స్ రాసి, హాట్ ఎయిర్ (వేడి గాలి ఊదే గన్) 350 డిగ్రీల్లో పెట్టాను. రెండు నిమిషాలైనా పోర్టు రేకు కాళ్లు కదల్లేదు. అవి గ్రౌండ్ రాగి పొరకు అతికి ఉన్నాయి కాబట్టి వేడంతా బోర్డులోకే పోతోంది. లాగితే మిగతా ప్యాడ్లు కూడా ఊడొస్తాయని టెన్షన్ పడి ఆపేశాను.

138 డిగ్రీలకే కరిగే బిస్మత్ సోల్డర్ కలిపితే సులువవుతుందా? లేక కింది నుంచి బోర్డును ముందుగా వేడి చేయాలా? పాత పోర్టు ఎలాగూ పారేసేదే, రేకును కట్టర్‌తో ముక్కలు చేసి ఒక్కో కాలు విడిగా తీయడం మంచిదా? బోర్డు వంగుతుందేమోనని ఇంకా ఆ పని చేయలేదు.

ఇంకొకటి, లేచిన ప్యాడ్ ఊడితే ఎనామిల్ పూత ఉన్న తీగతో జంపర్ (ఊడిన ప్యాడ్ బదులు విడిగా కలిపే తీగ) వేద్దామనుకుంటున్నాను. చార్జింగ్‌కు 2 ఆంపియర్లు పోవాలి, తీగ ఎంత మందం ఉండాలి? ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. కొత్త పోర్టు తెచ్చి పెట్టుకున్నాను.