నటుడు మెగాఫోన్ పడితే అసిస్టెంట్లకు అన్యాయమేనా?

యూసఫ్‌గూడ అసిస్టెంట్:
మొన్న కృష్ణానగర్‌లో టీ దగ్గర మొదలైన గొడవ, తేలలేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా. తొమ్మిదేళ్లుగా అసిస్టెంట్ డైరెక్టర్‌ని. క్లాప్ కొట్టాను, షాటుకూ షాటుకూ తేడా రాకుండా కంటిన్యూటీ రాశాను, ఇప్పుడు కథ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. నటుడైతే నిర్మాతకు ఒక్క ఫోన్ చేసి డైరెక్టర్ అయిపోతాడు. ఎవరి దగ్గరా పని నేర్చుకోని మనిషికి అంత డబ్బు ఎలా అప్పగిస్తారు?

మ్యాట్నీ ప్రేక్షకురాలు:
నేర్చుకోలేదని ఎలా అంటారండీ? భానుమతి గారు 1953లో చండీరాణిని మూడు భాషల్లో తీశారు. విజయనిర్మల గారు 44 సినిమాలు తీసి 2002లో గిన్నిస్‌కెక్కారు. సెట్లో చూసిందే వాళ్ల చదువు. అంతెందుకు, వేణు ఎల్దండి ఏళ్ల తరబడి కామెడీ వేషాలు వేసి, జబర్దస్త్‌లో స్కిట్లు చేసి, 2023లో బలగం తీశారు. పిట్టకు పెట్టిన ముద్ద కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదీ ఎలా నలిగిపోతారో చూసి మా అమ్మ థియేటర్లోనే ఏడ్చేసింది. నాకేమనిపిస్తుందంటే, చిన్న వేషాల వాళ్లకు సెట్లో ఖాళీ ఎక్కువ, అందుకే చూసేదీ ఎక్కువ.

యూసఫ్‌గూడ అసిస్టెంట్:
బలగం నాకూ ప్రాణం. కానీ మీరు చెప్పిన పాతవాళ్లు అప్పటికే పెద్ద స్టార్లు, వద్దనేవాళ్లెవరు? అయినా అందరికీ కలిసిరాలేదు. సావిత్రి గారంతటి నటి 1968లో చిన్నారి పాపలు తీసి నష్టపోయారు.

సీరియల్ కో డైరెక్టర్:
తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు, కానీ నటుడికి ఏం రాదో నువ్వు సరిగ్గా చెప్పట్లేదు. మా డైలీ సీరియల్లో ప్రధాన పాత్ర చేసే ఆయన డైరెక్షన్‌కు దిగాడు. కొత్తమ్మాయికి డైలాగ్ ఎక్కడ ఆపాలో, చూపు ఎక్కడ దించాలో పక్కన కూర్చుని చెప్పాడు, ఆ సీన్‌కు గ్లిజరిన్ అక్కర్లేకపోయింది. అలా రాబట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు. కానీ సాయంత్రానికి అనుకున్నవాటిలో సగం సీన్లే అయ్యాయి. ఎదుటి మనిషి రియాక్షన్లు తీసుకోలేదు, ఎడిటింగ్‌లో ఒక్క సీనూ అతకలేదు. ఇన్నేళ్లూ తన షాట్ అవగానే కారవాన్లోకి వెళ్లిపోయిన మనిషికి ఆ తర్వాత జరిగే పని ఎలా తెలుస్తుంది? రోజూ ఎపిసోడ్ వెళ్లాల్సిన చోట బ్యాంకింగ్, అంటే ముందే తీసి పెట్టుకున్న ఎపిసోడ్ల నిల్వ, లేకపోతే ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు. ఆయన మాత్రం సిగ్గుపడలేదు, రెండు నెలలు ప్యాకప్ తర్వాత ఎడిటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు నాకంటే ముందే ప్యాకప్ చెప్తున్నాడు. అందుకే నేను నటులు డైరెక్షన్ చేయొద్దని అనను. ముందు ఎడిట్ రూంలో కూర్చుని, తర్వాత మెగాఫోన్ పట్టుకోమంటాను.

మ్యాట్నీ ప్రేక్షకురాలు:
ఈ సంగతి నాకు తెలియదండీ. తెర మీద చూసేవాళ్లకు నటనే కనిపిస్తుంది కదా.

యూసఫ్‌గూడ అసిస్టెంట్:
ఎడిట్ రూం మాట ఒప్పుకుంటాను అన్నా. కానీ ఆయన నేర్చుకునేదాకా రెండు నెలలు ఓపిక పట్టారు కదా. మొదటి రోజే నేను సగం సీన్లు మిగిల్చి ఉంటే రెండో రోజు పిలిచేవాళ్లా?

సీరియల్ కో డైరెక్టర్:
పిలవరు తమ్ముడూ. మా దగ్గరే అలా నాలుగో రోజు పంపేసిన కుర్రాడు ఉన్నాడు, నీలాగే క్లాప్ కొట్టి వచ్చినవాడే.