గొర్రెలు మేపిన బీడు 12 ఎకరాలు లేఅవుట్‌కి ఇవ్వమంటున్నారు, ముందు ఏం చూసుకోవాలి?

అడిగినవారు: పొదలకూరు కుర్రోడు

అందరికీ నమస్కారం. మా తాత గొర్రెలు, గొడ్లు మేపిన బీడు 12 ఎకరాలు ఉంది. నాన్న పోయాక మంద అమ్మేశాం, ఇప్పుడు సర్కారు తుమ్మ తప్ప ఏం లేదు. నెల్లూరు నుంచి ఒకాయన వచ్చి డెవలప్‌మెంట్‌కి ఇవ్వండి, సగం మీకు సగం మాకు అంటున్నాడు. ఆయన తెచ్చిన ప్లాన్‌లో ఆర్చి ఉంది, పార్కు ఉంది, వాకింగ్ ట్రాక్ ఉంది, మా కుంట మాత్రం లేదు! చిన్నాన్న సంతకం పెట్టేద్దాం అంటున్నాడు, నాకేమో టెన్షన్‌గా ఉంది. సగం అంటే అసలు ఎన్ని అంకణాలు వస్తాయి?

రిటైర్డ్ సర్వేయర్:

బాబూ, 12 ఎకరాలూ పట్టానేనా? మేపుకున్న భూమి అనగానే నాకొచ్చే మొదటి అనుమానం అదే. మన ఊళ్లలో పట్టా పక్కనే మేత పోరంబోకు, మందబయలు లాంటి ప్రభుత్వ భూములు ఉంటాయి, మంద తిరిగినంత మేరా మాదే అనుకుంటూ రెండు తరాలు గడిచిపోతాయి. అడంగల్, 1బి లాంటి ఇప్పటి రికార్డులు చూసి ఊరుకోవద్దు, ఆర్‌ఎస్‌ఆర్ (పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు తీయించి సర్వే నంబరు వారీగా చూడండి, పేరు ఉండాల్సిన చోట చుక్కలుంటే అది వేరే తలనొప్పి. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో మీ నంబర్లు ఉన్నాయేమో రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే కొలతల పటంలో, డొంక (బండ్లు, పశువులు పోయే దారి) ఉంటే అది మీది కాదు, ప్లాన్‌లో దాన్ని ప్లాట్లుగా కోస్తే రేపు కొన్నవాళ్లు మీ ఇంటి మీదకే వస్తారు. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణల మీద 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ఇంకోటి, మీ మేనత్తల సంతకాలు లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు.

పొదలకూరు కుర్రోడు:

సార్, ఇప్పుడే చూశాను. 3 ఎకరాలు డీపట్టా అని ఉంది. ఇది మాకెవరికీ తెలియదు, అమ్మకి కూడా.

రిటైర్డ్ సర్వేయర్:

డీపట్టా అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి, అయితే ఆ మూడూ పక్కన పెట్టండి. 1977 అసైన్డ్ చట్టం ప్రకారం అలాంటి భూమి చేతులు మారితే ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. రూల్స్ సడలించారు, ఏం కాదు అని ఎవరైనా అంటే తహసీల్దార్ ఆఫీసు నుంచి కాగితం తెమ్మనండి.

మూలాపేట అకౌంటెంట్:

లెక్క నేను చెప్తా తమ్ముడూ. మన దగ్గర అంకణం అంటే 8 గజాలు, ఎకరానికి 605 అంకణాలు. ఆ మూడూ తీసేస్తే మిగిలిన 9 ఎకరాలంటే 5,445. ఇందులో ఖాళీ స్థలానికి 10 శాతం పోతుంది, రోడ్లకి ఇంకా చాలా పోతుంది, చివరికి అమ్ముకోవడానికి 55 శాతం మిగిలిందనుకో, దాదాపు 3,000 అంకణాలు. నీ సగం 1,500. ఆయన సగం అన్నది దేంట్లో సగమో అగ్రిమెంట్‌లో రాయించు, నోటి మాటగా అందరూ మొత్తం భూమిలో సగం అన్నట్టే మాట్లాడతారు. కార్నర్ ప్లాట్లు, మెయిన్ రోడ్డు ఫేసింగ్ ఎవరికెన్నో కూడా నంబర్లతో సహా ఉండాలి. అమ్మకపు అధికారంతో జీపీఏ (నీ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) ముందే ఇచ్చేయకు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టర్ కావాలి, అప్పటిదాకా అడ్వాన్సు తీసుకోకూడదు, బ్రోచర్ కూడా పంచకూడదు. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. నీ వాటా ప్లాట్లు నువ్వు అమ్ముతావు కాబట్టి నిన్ను కూడా ప్రమోటర్ కిందే లెక్కగట్టొచ్చు, నాకేం సంబంధం అంటే కుదరదు. నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చడం) పద్ధతి ఈమధ్య మారింది, పాత ఫీజులు చెప్పేవాళ్లని నమ్మకు.

కోవూరు అక్క:

వీళ్లంతా కాగితాలే చెప్తున్నారు, నేను నీళ్ల గురించి చెప్తాను. మేం ఇలాంటి బీడు వెంచర్‌లోనే ప్లాట్ కొన్నాం, ఏ కంపెనీదో చెప్పను. కుంట పూడ్చి పార్కు అన్నారు. వేసవిలో వెళ్లి చూశాం, చదునుగా, ముచ్చటగా ఉంది, తెల్ల రాళ్లు వరసగా పాతారు. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడు కాదు, అంతకు ముందు మామూలు ముసురుకే ఆ పార్కులో మోకాలి లోతు నీళ్లు, మా పునాది గుంటలో కప్పలు. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, భూమిని చూడాలంటే అప్పుడే చూడాలి. కుంట అంచు నుంచి 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదని రూల్ కూడా ఉంది.

నా మాట విని ఒక పని చెయ్యి నాయనా. మీ తాత దగ్గర పనిచేసిన కాపరి ఎవరైనా ఉంటే వెంటబెట్టుకుని భూమంతా తిరుగు. వానాకాలం మంద ఎక్కడ తోలేవాళ్లో అడుగు. తడిలో నిలబడితే గొర్రెకి గిట్టలు కుళ్లుతాయి, అందుకని మిట్ట చూసే తోలేవాళ్లు. ఆ మిట్ట మీద ఇళ్లు, పల్లంలో కుంట ఉంచి ప్లాన్ గీయమను. కాకపోతే ఏళ్ల తరబడి మంద పడుకున్న చోట పైమట్టి అంతా పెంటే, మెత్తగా ఉంటుంది, పునాదికి పనికిరాదు. దాన్ని తోడించి నిమ్మతోటల వాళ్లకి అమ్ముకో, ఎగబడి కొంటారు. అక్కడి బోరు నీళ్లు నైట్రేట్‌కి పరీక్ష చేయించు, లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు.

పొదలకూరు కుర్రోడు:

అక్కా, చాలా థ్యాంక్స్. ఈ ఉదయం మా పాత కాపరి తాతని బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. ఆయన కర్రతో చూపిస్తూ నడిచాడు, పడమటి చేలల్లో నీళ్లన్నీ తుమ్మల మధ్య సన్న దారి పట్టి కుంటలోకి వస్తాయంట, ఆ దారి సరిగ్గా ప్లాన్‌లో ఆర్చి ఉన్న చోటే ఉంది. కుడితి తొట్టి ఉన్న మిట్ట మీదేమో పార్కు గీశారు. ఈ సంగతి ఫోన్‌లో చెప్తే ఆ రియల్ ఎస్టేట్ ఆయన, అవన్నీ మట్టి తోలి సరిచేస్తాం అన్నాడు. చిన్నాన్న కూడా విన్నాడు, ఇంతవరకు మళ్లీ సంతకం మాట ఎత్తలేదు. సర్వేకి చలానా కట్టడానికి రేపు వెళ్తున్నాం, చిన్న మేనత్తకి కూడా కబురు పెట్టాను.