ఎంట్రోపీ ఉత్పత్తి రేటును బట్టి సమతాస్థితి నుంచి దూరం చెప్పవచ్చా?

కూకట్‌పల్లి విద్యార్థి: ఎంట్రోపీ (శక్తి ఎంతగా చెదిరిపోయిందో చెప్పే కొలత) ఎంత వేగంగా పుడితే వ్యవస్థ సమతాస్థితికి, అంటే మార్పుకు ప్రేరణ ఏదీ మిగలని స్థితికి, అంత దూరంలో ఉన్నట్టని మా తరగతిలో చెప్పారు. మరి మూత వేసిన సీసాలో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఉంటే? నిప్పు తగలనంతవరకు అక్కడ ఏమీ జరగదు. అది సమతాస్థితా?

నాచారం ఇంజనీరు: రేటే సరైన కొలత. 373 కెల్విన్‌ల నుంచి 303 కెల్విన్‌లకు 100 జౌళ్ల వేడి నేరుగా జారితే కెల్విన్‌కు 0.062 జౌళ్ల ఎంట్రోపీ పుడుతుంది. 303తో గుణించండి, దాదాపు 19 జౌళ్ల పని చేజారినట్టు. సమతాస్థితి దగ్గర ప్రవాహం బలానికి (అంటే దాన్ని నడిపించే తేడాకు) అనుపాతంలో ఉంటుందన్నదే 1931లో శాస్త్రవేత్త లార్స్ ఆన్‌సాగర్ ఇచ్చిన సిద్ధాంతానికి పునాది. బలం పెరిగితే రేటు దాని వర్గంతో పెరుగుతుంది. ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే.

తార్నాక లెక్చరర్: లెక్క సరే, ముగింపుతోనే నా పేచీ. మే నెల మధ్యాహ్నం ఇంట్లో కూలర్ చూడండి. గాలి 40 డిగ్రీలు, తేమ 25 శాతం, తొట్టిలో నీళ్లూ అంతే వేడిగా ఉన్నాయనుకుందాం. ఆ నీళ్లకూ గాలిలోని ఆవిరికీ రసాయన పొటెన్షియల్‌లో (అణువులు అక్కడి నుంచి వెళ్లిపోయే మొగ్గుకు కొలత) తేడా మోలుకు 3.6 కిలోజౌళ్లు. నేను దూరం అనేది దీన్నే. ఇప్పుడు ఫ్యాను ఆపి తొట్టికి మూత బిగించండి. గది గాలికీ నీళ్లకూ తేడా అంతే ఉంటుంది, ఎంట్రోపీ పుట్టడం మాత్రం దాదాపు ఆగిపోతుంది. మూత తీసి, గడ్డి తడిపి, ఫ్యాను వేస్తే రేటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ మొదటి క్షణంలో దూరం పెరిగిందా? లేదు. పెరిగింది తడిసిన వైశాల్యం, గాలి వేగం. ఆన్‌సాగర్ గుణకంలో, అంటే బలానికి ఎంత ప్రవాహం వస్తుందో చెప్పే సంఖ్యలో, ఉండేవి ఇవే. జులైలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజు ఆ తేడా 0.56 కిలోజౌళ్లకు పడిపోతుంది. అందుకే వానాకాలంలో ఫ్యాను ఎంత తిప్పినా కూలర్ చల్లబరచదు. పెట్రోలు సీసా కూడా అంతే బాబూ, దూరం చాలా ఉంది, దారి మూసుకుని ఉంది.

నాచారం ఇంజనీరు: గుణకం సంగతి ఒప్పుకుంటాను. కానీ నెలాఖరున ఇంధనం బిల్లు వచ్చేది దూరానికి కాదు, నష్టానికి. అనుత్క్రమణీయతకు (జరిగినదాన్ని వెనక్కి తిప్పలేనితనానికి) రేటు తప్ప మరో కొలత చూపించండి.

ఉప్పల్ పరిశోధకురాలు: ఉందండి. 25 శాతం తేమలో నీటి ఉపరితలం నుంచి నాలుగు అణువులు వెళ్తుంటే ఒక్కటే తిరిగి వస్తుంది. ముందుకూ వెనక్కూ నడిచే అవకాశాల నిష్పత్తి 4. దాని సహజ సంవర్గమానాన్ని బోల్ట్జ్‌మన్ స్థిరాంకంతో గుణిస్తే, నికరంగా దాటిన ఒక్కో అణువుకు పుట్టే ఎంట్రోపీ వస్తుంది. మోలుకైతే కెల్విన్‌కు 11.5 జౌళ్లు. 40 డిగ్రీలంటే 313 కెల్విన్‌లు, దాంతో గుణించండి, లెక్చరర్ గారి 3.6 కిలోజౌళ్లే! 1999లో శాస్త్రవేత్త గావిన్ క్రూక్స్ ఇచ్చిన సంబంధం ఇలాంటి నిష్పత్తి మీదే నిలబడింది, సమతాస్థితికి ఎంత దూరంలోనైనా చెల్లుతుంది. మీ రేటు అంటే ఈ సంఖ్యను సెకనుకు దాటే అణువులతో గుణించినదే.

నాచారం ఇంజనీరు: ప్లాంటులో అణువులను ఎవరు లెక్కపెడతారు మేడమ్?

ఉప్పల్ పరిశోధకురాలు: లెక్కపెట్టనక్కర లేదు. తేమ మీటరు 25 చూపిస్తోందంటే ఆ నిష్పత్తి చూపిస్తున్నట్టే. వేడి విషయంలో రెండు వైపులా రెండు థర్మామీటర్లు చాలు.