మాల వేసుకున్నప్పుడు 41 రోజులు మానేశా, ఇప్పుడు 5 రోజులకే ప్రాణం పోతోంది. మానేసినోళ్లు చెప్పండి

బురుజుపక్క (కర్నూలు)
అన్నలకు, అక్కలకు నమస్తే. వయసు 37, సిమెంటు అంగడిలో లెక్కలు రాస్తాను, 15 ఏళ్లుగా సిగరెట్లు. ఇంట్లో రోజుకు 8 అని చెప్తాను, నిజానికి 14, ఒక్కోరోజు 15. సోమవారం పొద్దున మానేశాను, ఈరోజుకు 5 రోజులు. ఏ డాక్టరూ భయపెట్టలేదు. మొన్న ఆదివారం కొండారెడ్డి బురుజు ఎక్కుతుంటే మా పాప పైకి పోయి నిలబడి "నాయనా, ఇంకా రాలేదా" అని అందరి ముందు అరిచింది, అంతే.

పొద్దున ఎట్లో ఓర్చుకుంటున్నా, రాత్రీ పర్వాలేదు, 11 గంటల టీ దగ్గరే చచ్చిపోతున్నా. అంగడి ఎదురుగానే టీ, సిగరెట్ల బంకు, మా జట్టు నలుగురు, గ్లాసు చేతికి రాగానే రెండో చేయి దానంతటదే జేబులోకి పోతుంది, లోపల ఏమీ ఉండదు. నిన్న హమాలీ మీద ఊరికే అరిచి, తర్వాత పోయి సారీ చెప్పాను.

నాకు అర్థం కానిది ఒకటుంది. రెండు సంవత్సరాలు అయ్యప్ప మాల వేసుకున్నా, రెండుసార్లూ 41 రోజులు ఒక్క దమ్ము లాగలేదు, ఇంత కష్టమూ అనిపించలేదు. మాల తీసిన సాయంత్రమే అంటించాను, అది వేరే సంగతి. అప్పుడు అయింది ఇప్పుడు ఎందుకు కావడం లేదు?

పాతకాపు (అనంతపురం)
మనసు గట్టిగా ఉంటే అయితుంది అబ్బీ, లేకపోతే లేదు. నేను 1998లో ఒక్క రోజులో మానేశా, గమ్ములూ లేవు గిమ్ములూ లేవు, అగ్గిపెట్టె కూడా బావిలో వేసి వచ్చా.

రైట్‌రైట్ (అనంతపురం)
పెద్దాయనా, నీ బావి సంగతి సరే, అందరికీ బావి దొరకదు కదా. తమ్ముడూ, నేను కండక్టర్‌ని, మూడుసార్లు మానేసి మూడోసారి నిలబడ్డా, ఇప్పటికి నాలుగేళ్లు. నీ 5వ రోజు గురించి చెప్తా విను. ఒళ్లు గోల పెట్టేది మొదటి 3 రోజులు, గట్టిగా అంటే మొదటి వారం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం, ఆకలి, ఇవన్నీ నికోటిన్ దిగుతున్నందుకే, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుకుంటాయి. హమాలీ మీద అరిచింది నువ్వు కాదు, అది. కానీ సారీ నువ్వే చెప్పాలి, చెప్పావు, మంచిది.

ఇంకోటి, కోరిక వచ్చిందంటే అది రోజంతా ఉండేది కాదు. నేను బస్సులో గడియారం చూసి లెక్కపెట్టా, మూడు నిమిషాలు, మహా అయితే ఐదు. కళ్యాణదుర్గం రూట్‌లో ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి పోయేలోపు తగ్గిపోతుంది. కాబట్టి "జీవితాంతం తాగను" అని ఎప్పుడూ అనుకోలేదు, "వచ్చే స్టేజీ దాకా" అనుకునేవాణ్ణి. నీళ్ల బాటిల్ తీసి రెండు గుక్కలు, టికెట్లు లెక్క చూసుకోవడం, అంతలో అది పోయేది. బస్సు నడుస్తున్నంతసేపు నాకు ఇబ్బందే లేదు, స్టాండులో దిగితేనే కష్టం. (స్టాండులో పొగ తాగితే 200 దాకా జరిమానా ఉందని అక్కడ బోర్డే ఉంటుంది, ఆ బోర్డు కిందే మేం తాగేవాళ్లం.)

మందులచీటీ (కర్నూలు)
మెడికల్ షాపు నాది, 12 ఏళ్లుగా నికోటిన్ గమ్ అమ్ముతున్నా. 10 మంది కొంటే 8 మంది తప్పుగానే నములుతారు, రెండో రోజు వచ్చి "ఎక్కిళ్లు, కడుపులో మంట, పనికిరాదు" అంటారు. అది మామూలు చూయింగ్ గమ్ కాదు. మెల్లగా నాలుగైదుసార్లు నమిలితే మిరియం ఘాటు తగులుతుంది, అప్పుడు నమలడం ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ కొంచెం నమిలి ఇంకోపక్క పెట్టుకోవాలి, ఇట్లా అరగంట. నికోటిన్ నోటి లోపలి పొర నుంచే ఎక్కాలి, మింగితే వృథా, పైగా మంట.

టీ తాగుతూ నమిలితే అస్సలు పని చేయదు. టీ, కాఫీ, నిమ్మరసం, సోడా తాగిన తర్వాత 15 నిమిషాలు ఆగాలి, నోరు పుల్లగా ఉంటే నికోటిన్ ఎక్కదు. నీకు 11కి టీ కదా, 10 గంటల 20కి గమ్ వేసుకో, టీ టైముకు అది పని చేస్తూ ఉంటుంది. 2 ఎంజీకి చీటీ అక్కర్లేదు, 4 ఎంజీకి డాక్టర్ చీటీ కావాలి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ అంటించే అలవాటు ఉన్నవాళ్లకు సాధారణంగా 4 చెప్తారు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడక్కుండా వాడొద్దు.

టీ కూడా సగం చెయ్యి. సిగరెట్ పొగ వల్ల ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చవుతుంది, మానేస్తే అదే టీ ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది. 6 టీలు తాగేవాడికి 10 తాగినంత దడ. నీ చిరాకులో కొంత టీదే అయి ఉంటుంది.

బురుజుపక్క (కర్నూలు)
అన్నా, నేను రోజుకు 7 టీలు తాగుతా. ఇది నాకెవరూ చెప్పలేదు.

సిగ్గు విడిచి ఇంకోటి కూడా అడుగుతా. పొద్దున సిగరెట్ లేకపోతే కడుపు కదలడం లేదు. 5 రోజులుగా అదో నరకం.

రైట్‌రైట్ (అనంతపురం)
హహ, అందరిదీ అదే కథ, ఎవరూ చెప్పరు. నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది, అది లేకపోతే కొన్నాళ్లు మొరాయిస్తాయి. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, అరగంట నడక, రాత్రికి అన్నం బదులు రాగి సంగటి, ఆకుకూర. నాకు మూడో వారానికి దారికొచ్చింది. దగ్గు కూడా కొన్నాళ్లు ఎక్కువైతే కంగారు పడొద్దు, ఊపిరితిత్తులు శుభ్రపడుతూ ఉంటాయి. దగ్గులో రక్తం పడితే మాత్రం ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి పో.

చిట్లంపొడి (కడప)
ఇంట్లోవాళ్ల వైపు నుంచి నేను రాస్తా. మా నాయనకు 64, బీడీలు, రోజుకు కట్టన్నర. ఆయాసం వచ్చి రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టాం. బీడీ చిన్నదే కదా, ఆకే కదా అంటాడు, కానీ ఆరిపోకుండా ఉండాలని గట్టిగా లాగాల్సి వస్తుంది, ఫిల్టరూ ఉండదు, కాబట్టి లోపలికి పోయేది తక్కువేం కాదని డాక్టర్ చెప్పింది. నేను ఏడాదిపాటు కట్టలు వెతికి పారేసేదాన్ని. ఆయన పశువుల గాటిపాడులో, దూలం సందులో, ఒకసారి చెనక్కాయల మూటలో దాచిపెట్టాడు. నేను పోలీసు, ఆయన దొంగ, బీడీలు మాత్రం అన్నే.

తర్వాత వెతకడం మానేశా. ఒకరోజు కూర్చోబెట్టి, తిట్టను, ఎప్పుడెప్పుడు తాగుతావో చెప్పు చాలు అన్నా. వేళ్లు మడిచి చెప్పాడు: లేవగానే, తిన్నాక, మధ్యాహ్నం పశువులకు నీళ్లు పెట్టాక, మళ్లీ తిన్నాక, ఊరికే కూర్చున్నప్పుడు. "ఊరికే కూర్చున్నప్పుడు" అన్నదే సగం కట్ట! తిన్నాక సోంపు, వాము వేయించి డబ్బీలో పెట్టిచ్చా, సాయంత్రం ఊరికే కూర్చోకుండా మనవడిని బడి నుంచి తెచ్చే పని అప్పజెప్పా. మానేశాడని అబద్ధం చెప్పను, ఇప్పుడు రోజుకు 3. డాక్టర్ మూడూ వద్దనే అంటోంది.

మగ్గంగుంత (ధర్మవరం)
తిన్నాక నేను వక్కపొడి పట్టా బీడీ బదులు. బాగానే ఉంది.

మందులచీటీ (కర్నూలు)
వద్దన్నా, అది పెనం మీది నుంచి పొయ్యిలో పడటమే. పొగాకు లేకపోయినా వక్కతోనే నోటి క్యాన్సర్ వస్తుంది. నోరు సరిగ్గా తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బూ దానివల్లే. ఖైనీ, గుట్కాకు మారడమూ అంతే. ఈ-సిగరెట్ల (బ్యాటరీతో పనిచేసే వేప్‌ల) సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, మన దేశంలో 2019 నుంచి వాటి అమ్మకమే నిషేధం, దొంగచాటుగా దొరికేదాంట్లో ఏముందో ఎవడికీ తెలియదు.

మగ్గంగుంత (ధర్మవరం)
సరే, వక్క ఆపేస్తా. చేతికి ఏదో ఒకటి కావాలి కదన్నా, మగ్గం దగ్గర చేతులు ఖాళీ ఉండవు, లేచాకే బాధ.

బురుజన్నా, నీ మాల ప్రశ్నకు నాకు తోచింది చెప్తా, నేనూ మూడు మాలలు వేశా. ఆ 41 రోజులూ నీకు ఎవడైనా సిగరెట్ ఇచ్చాడా? బంకు దగ్గరికి పోతే "స్వామీ" అని టీ ఇస్తాడే గానీ ప్యాకెట్ చూపించడు. స్నేహితుడు అంటించుకోవాలన్నా పక్కకు పోతాడు. ఊరంతా నీకు కాపలా. మెడలో మాల ఉంది కాబట్టి వద్దని నువ్వు నోరు తెరిచి చెప్పే అవసరమే రాలేదు. ఇప్పుడేమో ఐదో రోజు కూడా ఆ నలుగురికి నువ్వు మానేసిన సంగతి చెప్పి ఉండవు. చెప్పావా?

బురుజుపక్క (కర్నూలు)
చెప్పలేదు. "గొంతు బాలేదు" అన్నా.

సహరీటైం (కడప)
మగ్గం అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు. మాకు రంజాన్‌లో ఇదే. పొద్దున సహరీ నుంచి సాయంత్రం దాకా 13 గంటలు సిగరెట్ గుర్తుకే రాదు, ఇఫ్తార్‌లో ఖర్జూరం నోట్లో పెట్టుకున్న 10 నిమిషాలకు కాళ్లు వాటంతటవే బంకు వైపు పోతాయి. నికోటిన్ ఒక్కటే కారణమైతే మధ్యాహ్నం 2 గంటలకే పడిపోవాలి కదా అని ఒక ఏడాది కూర్చుని ఆలోచించా. ఆ సంవత్సరం ఇఫ్తార్ తర్వాత బయటికి పోకుండా నేరుగా నమాజుకు, అక్కణ్ణుంచి ఇంటికి. పండుగ రోజు కూడా మా జట్టును ఇంటికి పిలిచి షీర్ ఖుర్మా పెట్టా గానీ ఏడు రోడ్ల కూడలి బంకు దగ్గరికి నేను పోలేదు. 30 రోజులకు ఇంకో 30 కలిపా. అందరూ తప్పు చేసేది అక్కడే, దీక్ష అయిపోగానే సెలవు అయిపోయిందనుకుంటారు.

రైట్‌రైట్ (అనంతపురం)
నేను రెండోసారి పడిపోయింది కూడా అట్లే. రెండేళ్లు బాగున్నా, ఒక దోస్తు చనిపోతే దినాలకు పోయా, అందరం ఏడుస్తున్నాం, ఎవడో ఒకటి చేతిలో పెట్టాడు, ఒక్కటే కదా అనుకున్నా. 10 రోజుల్లో ప్యాకెట్ కొన్నా. ఆ ఒక్కటి కాదు నన్ను ముంచింది, ఎట్లాగూ చెడిపోయా కదా అని రెండోది అంటించడం. మూడోసారి కూడా మధ్యలో ఒకటి తాగా, కానీ ఆ పూటకే ఆపేసి లెక్క మొదటి నుంచి పెట్టుకోలేదు.

పాతకాపు (అనంతపురం)
నేను కూడా బావిలో వేసింది మూడో అగ్గిపెట్టె. ముందు రెండు చెప్పలేదు.

చిట్లంపొడి (కడప)
😂 పెద్దనాన్నా!

కొత్తవంతెన (కర్నూలు)
గమ్ముతో కానివాళ్లకు ఒక మాట. నేను పెద్దాసుపత్రి మానసిక విభాగం ఓపీకి పోయి మాత్రలు వాడా, 12 వారాలు. మానేసే తేదీకి వారం ముందే మొదలుపెట్టమన్నారు. పిచ్చి డాక్టర్ దగ్గరికి పోయాడని మా మామ ఊరంతా చెప్పాడు, పోనీ. సిగరెట్ రుచే పోయింది నాకు, కలలు మాత్రం విచిత్రంగా వచ్చేవి. రెండు మూడు రకాల మాత్రలున్నాయి, ఒకదాన్ని ఫిట్స్ ఉన్నవాళ్లకు ఇవ్వరు, కాబట్టి నా మాత్ర పేరు ఇక్కడ రాయను, డాక్టరే రాయాలి.

పోవడానికి మొహమాటమైతే సిగరెట్ ప్యాకెట్ మీదే నంబర్ ఉంటుంది, 1800 11 2356, డబ్బులు పడవు. నేను తెలుగులోనే మాట్లాడా. మానేసే తేదీ అడిగి రాసుకుని, తర్వాత వాళ్లే ఫోన్ చేశారు. ఎవరో అడుగుతారని భయంతో రెండు రోజులు ఎక్కువ ఆగా, అంతే దాని మహిమ, కానీ ఆ రెండు రోజులే నాకు కావాల్సింది.

బురుజుపక్క (కర్నూలు)
26వ రోజు. ఎవరూ అడగకపోయినా చెప్తున్నా.

మగ్గం అన్న మాట విన్న మర్నాడే బంకు అన్నతో నేరుగా చెప్పేశా, అన్నా నేను మానేశా, నేనొచ్చి అడిగినా ఇవ్వొద్దు, అప్పు అసలు రాయొద్దు అని. ఆయన నవ్వి, "నీ ఒక్కడి వల్లే నాకు రోజుకు 250 బేరం" అన్నాడు. జట్టులో ఇద్దరు వెక్కిరించారు, ఒకడు మాత్రం ఇప్పుడు నా ముందు అంటించడు, పక్కకు పోతాడు. 11 టీ మానేసి నన్నారి సోడా తాగుతున్నా, మే ఎండకు అదే నయం. గమ్ మొదట రోజుకు 8, ఇప్పుడు 4. బరువు 2 కిలోలు పెరిగా, చెనక్కాయలు ఎక్కువ తింటున్నా, అది తర్వాత చూసుకుంటా.

17వ రోజు ఒకటి తాగాను. లోడు లెక్క 9 వేలు తేడా వచ్చి యజమాని అందరి ముందు అన్నాడు, నేరుగా వేరే వీధిలోని బంకుకు పోయి లూజు ఒకటి కొన్నా. సగంలో తల తిరిగింది, పారేశా. కండక్టర్ అన్న చెప్పినట్టు లెక్క మొదటికి తేలేదు, 26 అనే రాస్తున్నా. తప్పయితే చెప్పండి.

నిన్న పొద్దున మా బంకు దగ్గరికి కొత్త హమాలీ ఒకడు వచ్చి నాకు ప్యాకెట్ చాపాడు. నేను నోరు తెరిచేలోపే బంకు అన్న "ఆయనకు ఇవ్వొద్దప్పా, స్వామి" అన్నాడు. మెడలో మాల లేదు, కాళ్లకు చెప్పులున్నాయి, ఆ పిల్లోడు నన్ను కింద నుంచి పైకి చూశాడు.