ఒకే పీడీఎఫ్ ల్యాప్‌టాప్‌లో ఒకలా, ఫోన్‌లో ఒకలా, ప్రింట్‌లో ఇంకోలా వస్తోంది. ఎందుకు?

గోదావరిగట్టు:
అందరికీ నమస్కారం. మా అమ్మకి నోటికొచ్చిన మంగళహారతి పాటలన్నీ రాసుకుని 64 పేజీల పుస్తకం చేస్తున్నాను. వచ్చే నెల ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకి వంద కాపీలు వేయించాలని ఆశ. రెండేళ్ల పని, తీరా చివరికొచ్చాక పీడీఎఫ్ దగ్గర ఇరుక్కుపోయాను.

నా ల్యాప్‌టాప్‌లో ఒక్క అక్షరం కూడా తేడా లేదు. అదే ఫైలు చెల్లికి వాట్సాప్‌లో పంపితే, పాటల పేర్లన్నీ దాని ఫోన్‌లో నెత్తిన చుక్కలూ టోపీలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తున్నాయట. పాటలు మాత్రం బాగానే ఉన్నాయి. ప్రెస్సువాళ్లు ఇచ్చిన నమూనాలో దీనికి పూర్తిగా తిరగబడింది. పేర్లు చక్కగా వచ్చాయి, పాటల్లో ‘లక్ష్మి’ అన్నచోటల్లా మ వత్తు పక్కకి జారి విడిగా పడింది. కుడిపక్క బోర్డరు గీత తెగిపోయింది. అట్టకి చిలకపచ్చ పెడితే పాచి రంగు వచ్చింది.

పేర్లు 2009లో డీటీపీ సెంటర్లో కొట్టించిన పాత ఫైలులోవి, యూనికోడ్ కాని ఫాంటు. పాటలు నేను గౌతమి ఫాంటులో టైప్ చేశాను. పేజీలు డాలస్‌లో ఉన్న మా తమ్ముడు సర్దిపెట్టాడు. పీడీఎఫ్ చేస్తే ఎక్కడైనా ఒకేలా ఉంటుందంటారు కదా, మరి ఇదేంటి? చాలా టెన్షన్‌గా ఉంది.

బెజవాడ డీటీపీ:
చెల్లెమ్మా, ఇరవై రెండేళ్లుగా నాది ఇదే పని. కంగారు పడకండి, అన్నీ సరిచేయొచ్చు.

పీడీఎఫ్ అంటే ఫొటో కాదు. ఏ అక్షరం బొమ్మని పేజీలో ఎక్కడ పెట్టాలో రాసి ఉన్న చీటీ అనుకోండి. ఆ బొమ్మలు ఫాంటులో ఉంటాయి. ఫాంటుని కూడా ఫైల్లోనే కలిపి పంపితే ఏ మిషన్‌లో తెరిచినా అవే బొమ్మలు వస్తాయి. కలపకపోతే, తెరిచిన మిషన్ తన దగ్గరున్న ఇంకేదో ఫాంటుతో సరిపెడుతుంది. మీ పాటల పేర్లకి జరిగింది ఇదే. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి సొంత నంబర్లు ఉంటాయి. పాత ఫాంట్లలో అవి ఉండేవి కావు, ఇంగ్లీషు అక్షరాల సీట్లలో తెలుగు బొమ్మల్ని కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు లేని ఫోన్‌లో ఆ సీట్లలో ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంటు ఉంది, ప్రెస్సులోనూ ఉండి ఉంటుంది. చెల్లిగారి ఫోన్‌లో లేదు, అంతే.

అక్రోబాట్ రీడర్‌లో ఫైల్ మెనూలోకి వెళ్లి ప్రాపర్టీస్, అందులో ఫాంట్స్ చూడండి. ప్రతి ఫాంటు పేరు పక్కనా ‘ఎంబెడెడ్’ (ఫాంటు ఫైల్లో కలిసి ఉంది) అనో ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ (వాడిన అక్షరాల వరకే కలిసి ఉంది) అనో ఉండాలి. లేనిది ఏదో చెప్పండి.

వత్తు సంగతి వేరు. పీడీఎఫ్ తయారైనప్పుడే వత్తులు వాటి చోట్లో అతుక్కుని ఉంటాయి, కాబట్టి ఫైలుని ఉన్నదున్నట్టు ప్రింట్ కొడితే జారవు. పేజీలు అమర్చుకోడానికి ప్రెస్సువాళ్లు దాన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసుకుని ఉంటారు. అక్కడ అక్షరాల్ని అక్షరాలుగానే తీసుకుంటే ఆ సాఫ్ట్‌వేర్ వాటిని మళ్లీ పేర్చబోతుంది, తెలుగు అక్కడే చెడుతుంది. ‘కర్వ్స్‌గా ఇంపోర్ట్ చేయండి’, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చి తీసుకోండి అని గట్టిగా చెప్పండి. 2011లో నేనూ ఇలాగే చేసి ఒక శుభలేఖలో పెళ్లికొడుకు పేరులో వత్తు పోగొట్టాను. 300 కార్డులు నా డబ్బుతో మళ్లీ వేసిచ్చాను. అప్పట్నుంచీ కర్వ్స్ చేయకుండా తెలుగు ఫైలు ముట్టుకోను.

రంగులపెట్టె:
బోర్డరుకి కారణం డాలస్ అనుకుంటున్నానండీ. అమెరికాలో మామూలుగా వాడేది లెటర్ సైజు కాగితం, 216 × 279 మిల్లీమీటర్లు. మన ఏ4 210 × 297. వెడల్పులో 6 మిల్లీమీటర్ల తేడా. ‘యాక్చువల్ సైజ్’ పెట్టి ఎడమకి ఆనించి ప్రింట్ ఇస్తే ఆ 6 మిల్లీమీటర్లూ కుడిపక్క పోతాయి. ‘ఫిట్’ పెడితే తెగదు గానీ పేజీ మొత్తం దాదాపు 97 శాతానికి తగ్గుతుంది. తమ్ముడిగారిని పేజీ సైజే ఏ4కి మార్చమనండి.

చిలకపచ్చ సంగతి కొంచెం కష్టమే. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలు కలిపి తెస్తుంది. అంత మెరిసే పచ్చ ఆ సిరాల్లో దొరకదు. తెర మీద చూసి ఒప్పుకోకండి, అసలు అట్ట కాగితం మీదే ఒకటి వేయించి చూసుకోండి. పసుపూ ఎరుపూ దీనికంటే నమ్మకంగా వస్తాయి.

గోదావరిగట్టు:
అన్నయ్యా, ఫాంట్స్‌లో చూశాను. గౌతమి పక్కన ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ అని ఉంది. పాత ఫాంటు పక్కన ఏమీ లేదు! ఫాంటు పేరు మార్చి చూస్తే ఇంకా పిచ్చిగా వచ్చింది.

బెజవాడ డీటీపీ:
అలాగే వస్తుంది. ఆ ఫైల్లో లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే కదా, ఫాంటు మారిస్తే అవి తెలుగు నంబర్లు అయిపోవు. ఎన్ని పేర్లున్నాయి? యాభైలోపు అయితే చేత్తో యూనికోడ్‌లో కొట్టేయండి, పాత ఫాంటుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ చేసే తప్పులు దిద్దుకోవడం కంటే అదే తొందరగా అవుతుంది. తర్వాత వర్డ్‌లో పీడీఎఫ్ సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో పీడీఎఫ్/ఏ టిక్ పెట్టండి. ఎన్నేళ్లయినా దాచుకోడానికి వచ్చిన పద్ధతి అది, అందులో ఫాంట్లు లోపలే ఉండి తీరాలి.

గోదావరిగట్టు:
41 పేర్లు, రాత్రి కూర్చుని కొట్టేశాను. తమ్ముడు ఏ4కి మార్చి పంపాడు. చెల్లి ఫోన్‌లో ఇప్పుడు పేర్లన్నీ తెలుగులోనే ఉన్నాయి. ప్రెస్సువాళ్లు కర్వ్స్ చేసి మళ్లీ నాలుగు పేజీలు వేసిచ్చారు. ‘లక్ష్మి’ ఉన్న ప్రతి లైనూ వేలు పెట్టి చూసుకున్నాను, మ వత్తు కిందే ఉంది. అట్టకి పసుపు ఖాయం చేశాం. రంగులపెట్టె గారికీ మీకూ చెరో కాపీ పక్కన పెడతాను అన్నయ్యా.