దర్గామిట్ట దగ్గర కారు అద్దం తగిలి పడ్డాను, డబ్బులు కూడా నేనే ఇచ్చాను. తప్పు నాదేనా?

వేదాయపాళెం సైకిల్ అడిగిన ప్రశ్న

అన్నలూ, అక్కలూ, కాస్త ఓపిగ్గా చదవండి. పన్నెండు రోజులుగా మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను.

నేను నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇల్లు వేదాయపాళెం, పని పొగతోటలో. తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఇళ్లకు వెళ్లి పరగడుపు రక్తం తీసుకొస్తాను. రెండేళ్ల కిందట నాకే షుగర్ బార్డర్‌లో ఉందని తేలింది. అప్పుడే బండి తమ్ముడికిచ్చేసి సైకిల్ ఎక్కాను. వెనక క్యారియర్ మీద ఐస్ ప్యాకులు పెట్టిన శాంపిల్ బాక్సు, దాన్ని కట్టడానికి పాత ట్యూబు రబ్బరు. ఇన్నాళ్లలో ఒక్క రోజు కూడా లేటుగా పోలేదు.

ఆ రోజు అయ్యప్పగుడి దాటి జీటీ రోడ్డు మీద దర్గామిట్ట వైపు పోతున్నాను. ఆరు కావస్తోంది, వెలుతురు వచ్చేసింది. రోడ్డు దాదాపు ఖాళీ. అంచు నుంచి ఒక మీటరు లోపలికి తొక్కుతున్నాను. అంచున ఇసుక పేరుకుని ఉంది, పక్కన ఆపిన వ్యాన్లు ఉన్నాయి, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులూ ఆ అంచునే వస్తాయి. ఒక మీటరు వదలడం నాకు పంతం కాదు, రోజూ ఆ దారిలో పోయి నేర్చుకున్నది.

వెనక నుంచి హారన్ గట్టిగా మోగింది. తిరిగి చూసేలోపే కుడి మోచేతికి టప్ మని తగిలింది. కారు ఎడమ వైపు అద్దం. హ్యాండిల్ వణికి ముందు చక్రం ఇసుకలో దిగింది, ఎడమ పక్కకి పడ్డాను. రబ్బరు తెగి బాక్సు మూత ఊడిపోయింది. ట్యూబులు రోడ్డు మీద దొర్లుతుంటే నా మోకాలి సంగతి నాకు గుర్తు రాలేదు. ఊదా మూతవి దొరికాయి. బూడిద రంగు మూత ఉన్న ట్యూబు, షుగర్ టెస్టుకి తీసేది, దాని మీద వెనకొచ్చిన ఆటో చక్రం ఎక్కింది.

ఆ ట్యూబు డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దామెది. ఆమె చేతుల్లో నరం దొరకదు. వేడి నీళ్ల గుడ్డ కప్పి, పది నిమిషాలు వేలితో తడిమి తడిమి, మణికట్టు పక్కన దారం లాంటి నరం పట్టుకుని తీశాను. నొప్పి పుట్టినా "నీ చెయ్యి మెత్తన నాయనా" అంది. ఆ రక్తం రోడ్డు మీద కనిపిస్తే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లవ్స్ వేసుకుని ముక్కలు ఏరుతున్నాను.

కారు ఇరవై అడుగుల ముందు ఆగింది. దిగిన మనిషి నాకంటే పదేళ్లు చిన్న. నన్ను లేపలేదు. ముందు అద్దం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నడిరోడ్డు మీద తొక్కుతున్నావేంది? అద్దం ఎంతో తెలుసా నీకు? మూడు వేలు!" అన్నాడు. టీ బంకు దగ్గర నలుగురు వచ్చారు. వాళ్లు నా పక్షాన మాట్లాడతారనుకున్నాను. "పోనీలే అబ్బయా, సైకిలోడివి, నువ్వే ఓరగా పోవచ్చు గదా" అన్నారు.

జేబులో ఉన్న ఐదు వందలు తీసి ఇచ్చేశాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు. శాంపిళ్లు వేడెక్కుతున్నాయి, ల్యాబ్‌కి పోవాలి, అదొక్కటే తలలో ఉంది. కారు నంబరు మాత్రం చేతి మీద పెన్నుతో రాసుకున్నాను.

ఇంట్లో సైకిల్ మానెయ్యమంటోంది మా ఆవిడ. నాకు మానాలని లేదు. అడుగుతున్నది ఇది: ఒక మీటరు లోపలికి తొక్కడం తప్పా? ఆ నంబరుతో ఇప్పుడేమైనా చెయ్యొచ్చా? ఇంకోసారి ఇలా జరిగితే ఆ నిమిషంలో ఏం చెయ్యాలి?

కావలి బస్సాయన జవాబు

తమ్ముడూ, నేను ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాను. సీట్లో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో చెప్తాను, దాన్నిబట్టి నువ్వే తేల్చుకో.

డ్రైవరుకి ఎక్కువ టెన్షన్ పెట్టేది అంచుకు అతుక్కుని పోయే సైకిల్. ఆగిన వ్యాన్ రాగానే అది లోపలికి వస్తుంది, వ్యాన్ దాటగానే మళ్లీ బయటికి పోతుంది. ఎప్పుడొస్తుందో మాకు తెలియదు. ఒకే గీత మీద తిన్నగా పోయేవాణ్ణి దూరం నుంచే చూసి, స్టీరింగ్ కొంచెం కుడికి తిప్పి దాటేస్తాం. కాబట్టి నువ్వు చేసింది తప్పు కాదు. ముందు పోయేవాడికి చాలినంత చోటు వదిలి దాటాల్సిన బాధ్యత వెనకొచ్చేవాడిదే. హారన్ కొట్టాను గదా అంటే కుదరదు. హారన్ కొట్టినంత మాత్రాన దారి వాడిదైపోదు.

ఇంకొక మాట, దీన్ని మాత్రం ప్రాణంగా పట్టుకో. బస్సుకైనా లారీకైనా ఎడమ పక్కన ముందు మూల దగ్గర నువ్వుంటే మాకు కనిపించవు. ఎడమకి తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. సిగ్నల్ దగ్గర బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందు కనిపించి ముందుకు దూరావంటే, అది తిరిగినప్పుడు నీకు పోవడానికి చోటుండదు. వెనకే ఆగు. అద్దంలో డ్రైవరు మొహం నీకు కనిపిస్తే నువ్వూ వాడికి కనిపిస్తున్నట్టు లెక్క.

నా సర్వీసులో ఒక పిల్లాడు అలా దూరాడు. కండక్టరు కేకేసి ఆపించాడు కాబట్టి బతికాడు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఒంగోలు గుమాస్తా జవాబు

ఒంగోల్లో మోటారు ప్రమాదాల కేసులు చూసే లాయరు గారి దగ్గర పనిచేస్తాను. మీ కథలో నాకు బాధేసింది ఆ ఐదు వందలు. ఇవ్వకుండా ఉండాల్సింది. సరే, జరిగిపోయింది.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, బండి తగిలి మనిషికి దెబ్బ తగిలితే డ్రైవరు వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు చెప్పాలి. జనం మీద పడతారన్న భయం లాంటి కారణం ఉంటే తప్ప వదిలేసి పోకూడదు. నిర్లక్ష్యంగా నడిపితే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దీనికి దెబ్బ తగిలి ఉండాలన్న నిబంధన కూడా లేదు.

సైకిల్‌కి లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు, నాకేం హక్కుంటుంది అని చాలామంది ఊరుకుంటారు. కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి చేసింది మీలాంటి వాళ్ల కోసమే. దెబ్బకి పరిహారం అడగాలంటే మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద, మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి దానికి ఆరు నెలల గడువు పెట్టారు. మీకింకా సమయం ఉంది, కానీ నాన్చకండి. బండి ఏదో తెలియకుండా పారిపోయిన కేసుల్లో అయితే ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు వచ్చే పథకం వేరే ఉంది. 2025 మే నుంచి నగదు లేకుండా వైద్యం చేసే పథకం కూడా వచ్చింది, గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా.

మోకాలికి కట్టు కట్టించుకున్న చీటీ ఉందా? దాని మీద రోడ్డు ప్రమాదం అని రాసి ఉందా? ఆ చీటీ, కారు నంబరు, టైము, చోటు రాసి స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకోసారి ఇలాంటిది జరిగితే మొదట కారు నంబరు కనిపించేలా ఫోటో, తర్వాత పోలీసు సాయానికి 112కి ఫోను. డబ్బు ఇవ్వొద్దు, కాగితం మీద సంతకం పెట్టొద్దు.

టీ బంకు ఆయన్ని తిట్టుకోవద్దు. స్టేషన్ చుట్టూ తిరగాలేమోనన్న భయంతో జనం అలా మాట్లాడతారు. సాయం చేసినవాళ్లకు అదే మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆ సంగతి ఆయనకి చెప్పి చూడండి.

బాలాజీనగర్ టీచరమ్మ జవాబు

అన్నా, చదువుతుంటే గుండె బరువెక్కింది. కానీ ఒక్క మాట మీద పెద్దాయనతో నాకు పేచీ ఉంది.

తిన్నగా పోతే చోటు వదిలి దాటతారు అన్నది ఆయనలాంటి డ్రైవర్ల విషయంలో నిజం. ముత్తుకూరు రోడ్డులో పోర్టు వైపు పోయే లారీల మధ్య నేను ఆ ధైర్యం చెయ్యలేదు, చెయ్యను కూడా. ఆడవాళ్లం సైకిల్ మీద కనిపిస్తే కావాలనే ఆనుకుని పోయి అరిచే బైకులు వేరే. నేను రోడ్డు మార్చుకున్నాను. లోపలి వీధుల్లో పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, స్కూలు టైముకి ముందే బయల్దేరతాను.

రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గర ఇంకా జాగ్రత్త. దిగేటప్పుడు ఏమీ కాదు. ఎక్కేటప్పుడు సైకిల్ వేగం పడిపోయి ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది, సరిగ్గా అక్కడే వెనకవాళ్లు దాటాలని తోసుకొస్తారు. నేను సగం నుంచి దిగి నడిపించుకుంటూ పోతాను. వాన పడితే ఆ నీళ్లలో అసలు దిగను, అడుగున ఏముందో తెలియదు.

వేదాయపాళెం సైకిల్ మళ్లీ

అందరికీ చేతులెత్తి దండం. పెద్దాయనా, బస్సు ఎడమ మూల సంగతి ఇన్నాళ్లూ నాకు తెలియదు. సిగ్నల్ దగ్గర నేనూ ఎన్నోసార్లు అలా దూరాను.

నిన్న తెల్లవారుజామున అదే చోట ఆగాను. టీ బంకు ఆయనతో మాట్లాడాను. 134ఏ సంగతి చెప్తే చాలాసేపు మౌనంగా ఉండి, "ఆ రోజు నేనట్టా అనకుండా ఉండాల్సింది అబ్బయా" అన్నాడు. స్టేషన్‌కి రానన్నాడు, నేనూ బలవంతం చెయ్యలేదు. పక్క మందుల షాపులో కెమెరా ఉంది. ఫుటేజీ ఉంటుందో చెరిగిపోయిందో ఓనరు సాయంత్రం చూసి చెప్తానన్నాడు.

టీచరమ్మా, పెద్దామె ఇంటికి లోపలి వీధుల్లోంచే పోయాను, ఎనిమిది నిమిషాలు ఎక్కువ పట్టింది. రెండోసారి రక్తం తియ్యడానికి ఆ రోజే పోయాను గానీ, జరిగింది చెప్పడానికి ఇప్పటిదాకా నోరు రాలేదు. నిన్న చెప్పాను. తన చెయ్యి చూపించకుండా నా మోచెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

గుమాస్తా గారూ, కట్టు కట్టింది మా ల్యాబ్ పక్క క్లినిక్‌లోనే, చీటీ మీద కింద పడి దెబ్బ అని మాత్రమే రాశారు. కారు తగిలిన సంగతి నేనే చెప్పలేదు. దాన్ని ఇప్పుడు మార్చి రాయించుకోవచ్చా, లేక ఉన్నది ఉన్నట్టే పెట్టి ఫిర్యాదులో వివరంగా రాస్తే సరిపోతుందా? సోమవారం ఉదయం కలెక్షన్ అయ్యాక స్టేషన్‌కి పోతున్నాను.