స్మాష్ పవర్: స్ట్రెచింగ్‌తో వస్తుందా, కొట్టే తీరుతో వస్తుందా?

కూకట్‌పల్లి_కాక్

మా షటిల్ కోర్టులో రోజూ జరిగే గొడవే ఇది. అక్కడ తేలట్లేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నా.

నాకు 36 ఏళ్లు, ఐటీ ఉద్యోగం. పొద్దున ఆఫీసుకు ముందు డబుల్స్ ఆడతాను. డ్రాప్ (నెట్ దాటగానే పడేది), క్లియర్ (వెనక గీత దాకా పంపేది) పర్వాలేదు. స్మాష్, అంటే పైనుంచి కిందికి బలంగా కొట్టే దెబ్బ మాత్రం ఎంత గట్టిగా కొట్టినా అవతలివాళ్లు తీరిగ్గా లిఫ్ట్ చేసేస్తారు. "మీ ఒళ్లు బిగుసుకుపోయింది సార్, స్ట్రెచింగ్ చేస్తే పవర్ దానంతటదే వస్తుంది" అని మా కోచ్ మాట. నెలల తరబడి చేశాను. ఇప్పుడు వంగితే అరచేతులు నేలకు ఆనుతాయి, వీపు వెనక రెండు చేతులూ కలుస్తాయి. స్మాష్ మాత్రం ఎక్కడిదక్కడే.

అందుకే నా వాదన ఇది: షటిల్‌లో ఫ్లెక్సిబిలిటీకి లేనిపోని పెద్దపీట వేస్తున్నారు. టెక్నిక్కే అసలు సంగతి. కాదనేవాళ్లు కారణంతో సహా చెప్పండి.

అమలాపురం_అల్లుడు

రెండూ కాదు బ్రో. కండ బలం. మా డబుల్స్ స్టార్ సాత్విక్ సాయిరాజ్ గంటకు 565 కిలోమీటర్ల స్పీడుతో కొట్టి గిన్నిస్ ఎక్కాడు. అతని భుజాలు ఒకసారి చూడు. దాంతోపాటు హైటు. హైటు లేనివాళ్లు ఎంత వంగినా లాభం లేదు. జిమ్‌లో చేరిపో.

జెర్సీ_సిటీ_షటిల్

అల్లుడు గారూ, ఆ 565 ఎలా వచ్చిందో కూడా చెప్పాలి కదా. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నేషియంలో కొలిచారు. అది మ్యాచ్ కాదు. కాక్ రాకెట్ వదిలిన తొలి క్షణంలో ఉన్న వేగం అది. అదే రోజు మలేషియా అమ్మాయి పెర్లీ టాన్ 438 కొట్టి మహిళల రికార్డు పెట్టింది. మ్యాచ్‌లో కొలిచినవాటిలో బాగా చెప్పుకునేది డెన్మార్క్ ఆటగాడు కోల్డింగ్ 2017లో మన ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో కొట్టిన 426. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే కోల్డింగ్ కన్నా పెర్లీ టాన్ గట్టిగా కొడుతుందని ఒప్పుకోవాలి. కొలిచిన పరిస్థితులే వేరు, పోలిస్తే ఎలా?

ఇక హైటు మాట. కోల్డింగ్ రెండు మీటర్లు దాటిన మనిషి. అదే 2017లో జపాన్ ఓపెన్‌లో మలేషియా ఆటగాడు లీ చాంగ్ వెయ్ స్మాష్ 417 అని నమోదైంది. లీ హైటు మన వీధిలో సగం మందికి ఉంటుంది. అంత పొడుగు తేడాకు దక్కింది 9 కిలోమీటర్లు. హైటు ఉంటే కాక్ నిటారుగా దిగుతుంది, దాన్ని కాదనను. వేగం సంగతి వేరు.

అమలాపురం_అల్లుడు

సరే, హైటు మాట వెనక్కి. బలం మాట మాత్రం వదల్ను 😀

వైజాగ్_ఫిజియో

నేను ఫిజియోథెరపిస్టుని. షటిల్ ఆడేవాళ్ల భుజాలు చాలానే చూస్తుంటాను. కూకట్‌పల్లి గారూ, మీరు సాధించిన వంపు వేరు, స్మాష్‌కు కావలసింది వేరు. అరచేతులు నేలకు ఆనడం ప్రధానంగా తొడ వెనక కండరాల పని. దానికీ స్మాష్‌కీ పెద్దగా చుట్టరికం లేదు.

స్మాష్‌లో ఒక క్షణం ఉంటుంది: మోచెయ్యి పైకి లేచి ముందుకు వస్తుంటే ముంజేయి వెనక్కి వాలి, రాకెట్ తల వీపు వెనక్కి పడుతుంది. ఆ వాలు ఎంత ఎక్కువైతే కాక్‌ను చేరేలోపు రాకెట్ తలకు అంత ఎక్కువ దారి దొరుకుతుంది, వేగం అందుకోవడానికి. ఆ వాలు అంతా భుజం కీలుదే అనుకుంటారు. కానీ భుజం వెనక రెక్క ఎముక కూడా జరగాలి, ఛాతీ వెనక ఉన్న వెన్ను వెనక్కి విచ్చుకోవాలి, పక్కకు తిరగాలి. రోజంతా లాప్‌టాప్ ముందు వంగి కూర్చునేవాళ్లకు సరిగ్గా ఆ వెన్నే బిగుసుకుపోతుంది. అది కదలకపోతే ఆ లోటంతా భుజమో నడుమో పూడ్చాలి. నా దగ్గరికి నొప్పితో వచ్చేవాళ్లలో ఈ రకమే ఎక్కువ.

ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడకు వీపు ఆనించి నిలబడండి, మడమలు కాస్త ముందుకు పెట్టి. నడుమును గోడకు అదిమి ఉంచి, మోచేతులు వంచకుండా రెండు చేతులూ పైకెత్తండి. బొటనవేళ్లు గోడను తాకేలోపే నడుము గోడను వదిలేస్తే, వెన్నులోనో చంక కింద వీపు పక్క కండరాల్లోనో బిగుతు ఉన్నట్టు. తర్వాత కుర్చీలో కూర్చుని, మోకాళ్లు కదలకుండా, ఛాతీకి అడ్డంగా ఒక కర్ర పట్టుకుని కుడికీ ఎడమకీ తిరిగి చూడండి. రెండు వైపులా తేడా బాగా కనిపిస్తే అదీ ఒక గుర్తే.

ఇంకో మాట. భుజం ముందు భాగం ఇప్పటికే వదులుగా ఉన్నవాళ్లు దాన్ని ఇంకా లాగకూడదు. అలాంటివాళ్లకు కావలసింది స్ట్రెచింగ్ కాదు, భుజాన్ని పట్టి ఉంచే చిన్న కండరాలకు ఎలాస్టిక్ బ్యాండ్‌తో వ్యాయామం. అందరికీ ఒకే మందు ఇచ్చే కోచ్‌లతోనే నాకు పేచీ.

తణుకు_మాస్టారు

ఫిజియో మేడమ్ చెప్పింది శాస్త్రమే, కాదనను. కానీ వరస తప్పింది.

నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడి పెరిగినవాణ్ణి. తర్వాత షటిల్‌కు మారాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నా. పెద్దవయసులో కోర్టుకు వచ్చేవాళ్లలో నేను మొదట చూసేది చెయ్యి హ్యాండిల్ మీద ఎలా ఉందని. చాలామంది రాకెట్ ముఖం నెట్‌ను చూసేలా పట్టుకుంటారు, అరచెయ్యి హ్యాండిల్ వెనక ఉంటుంది. అలా పట్టుకుంటే ముంజేయి తిరగడానికి దారే ఉండదు. మణికట్టుతో తట్టడం, భుజంతో నెట్టడం, ఇక మిగిలేవి ఆ రెండే. ఆ మనిషికి సర్కస్ వాళ్లంత వంపు ఉన్నా ఏం లాభం? బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వీ ఆకారం హ్యాండిల్ సన్నటి అంచు మీద పడాలి. ముంజేయి తిరిగితేనే రాకెట్ ముఖం కాక్‌కు ఎదురుగా రావాలి. తిరగకపోతే ఫ్రేము తగలాలి. అప్పుడే పట్టు కుదిరినట్టు.

రెండోది కాక్ తగిలే చోటు. తల వెనక తగిలితే ఎంత బలమున్నా కాక్ పైకే పోతుంది. కుడి భుజానికి కాస్త ముందు, చెయ్యి చాచినంత ఎత్తులో తగలాలి. అలా తగలాలంటే ముందు కాళ్లు కాక్ వెనక్కి చేరాలి. స్మాష్ రాదని ఏడ్చేవాళ్లలో సగం మందిది నిజానికి కాళ్ల జబ్బు.

మూడోది పట్టు బిగింపు. మొదటి నుంచీ హ్యాండిల్‌ను పిడికిట్లో నలిపేస్తే చెయ్యంతా కర్రయిపోతుంది. వేళ్లు వదులుగా ఉంచి, తగిలే క్షణానికి మాత్రం బిగించాలి. వడిసెల తిప్పేవాడు మొదట్నుంచీ చెయ్యి బిగపట్టుకుంటే రాయి ఎంత దూరం పోతుంది చెప్పండి?

అమలాపురం_అల్లుడు

మాస్టారూ, టీవీలో కామెంటరీ వాళ్లంతా రిస్ట్, రిస్ట్ అంటారు కదా. మీరేమో మణికట్టును పక్కన పెట్టేశారు.

తణుకు_మాస్టారు

కంటికి అలా కనిపిస్తుంది బాబూ, ఎందుకంటే చివర్లో కదిలేది అదే కనక. 1970ల్లోనే కెనడాలో గోవిట్స్కీ, వాడెల్ అని ఇద్దరు హైస్పీడ్ ఫిల్మ్ తీసి చూశారు. వేగం ఎక్కువగా వచ్చేది భుజం దగ్గర పైచెయ్యి లోపలికి తిరగడం వల్ల, ముంజేయి తిరగడం వల్ల. మణికట్టు వంగడం వాటా తక్కువ. మణికట్టు వదులుగా ఉండి ఆ తిరుగుడును రాకెట్‌కు అందిస్తే చాలు, అది పనిగట్టుకుని కొట్టక్కర్లేదు. బాల్ బ్యాడ్మింటన్ నుంచి వచ్చేవాళ్లు దీనికి సాక్ష్యం. అక్కడ రాకెట్టూ బరువు, ఉన్ని బంతీ బరువు. భుజం మొత్తం ఊపి కొట్టే అలవాటు. షటిల్‌లో అలా ఊపితే కాక్ బద్ధకంగా పోతుంది. కాక్ బరువు ఐదు గ్రాముల అటూ ఇటూ. దానికి కావలసింది బరువైన దెబ్బ కాదు, రాకెట్ తల వేగం.

వైజాగ్_ఫిజియో

ముంజేయి, పైచెయ్యి తిరుగుడు సంగతిలో మాస్టారితో నాకు తేడా లేదు. వరస దగ్గరే ఒప్పుకోను. పైచెయ్యి బలంగా లోపలికి తిరగాలంటే ముందు వెనక్కి వాలి ఉండాలి. వాలే చోటే లేనివాడికి పట్టు మార్చి, అదే పొట్టి స్వింగ్‌ను మరింత గట్టిగా కొట్టమంటే భుజం దెబ్బతింటుంది. కొట్టాక చేతిని ఆపేది భుజం వెనక కండరాలు. వేగం పెరిగిన కొద్దీ బ్రేకు మీద భారం పెరుగుతుంది. సాత్విక్ అంతటివాడే 2024లో భుజం గాయంతో ఆసియా చాంపియన్‌షిప్స్‌కు దూరమయ్యాడు. చుట్టూ ఫిజియోలూ ట్రైనర్లూ ఉన్న మనిషికే అలా అయితే, పొద్దున ఆరింటికి వచ్చి వార్మప్ లేకుండా మొదటి కాక్‌నే స్మాష్ కొట్టేవాళ్ల సంగతేంటి?

అల్లుడు గారి బలం మాట పూర్తిగా తప్పేం కాదు. జిమ్‌లో ఛాతీ ఒక్కటే పెంచి వీపును వదిలేస్తే మాత్రం భుజాలు ముందుకు గుంజుకుపోతాయి, ఉన్న వాలు కూడా పోతుంది. కాళ్లు, తుంటి, వీపు ముందు.

నెట్_డ్రిబుల్

మిక్స్‌డ్ డబుల్స్ ఆడేదాన్ని, నా వైపు నుంచి ఒక మాట. మగవాళ్లంతా స్పీడు గురించే కొట్టుకుంటున్నారు. కాక్ ఈకలు గాలిని ఎంత పట్టేస్తాయంటే, రాకెట్ వదిలినప్పటి వేగంలో సగం కూడా అవతలివాళ్ల దగ్గరికి చేరదు. వెనక గీత దగ్గర్నుంచి కొట్టిన స్మాష్ అందంగా ఉంటుంది, అంతే. ఆ దూరం నుంచి నేనైనా తీస్తాను. అదే స్మాష్ కోర్టు మధ్య నుంచి, నా కుడి తుంటికి కొడితే రాకెట్ తిప్పుకోవడానికే టైం ఉండదు. కూకట్‌పల్లి గారి స్మాష్ తిరిగి వస్తోందంటే పవర్ లేక అని ఎవరు తేల్చారు? ప్రతిసారీ అదే చోటికి కొడుతున్నారేమో.

జెర్సీ_సిటీ_షటిల్

+1. ఫోన్‌ను పక్కన స్టాండ్ మీద పెట్టి స్లో మోషన్‌లో తీసుకోండి. ఇక్కడ పది పోస్టులు చదివేకంటే అది నయం.

కూకట్‌పల్లి_కాక్

తీశాను. గోడ టెస్టూ చేశాను.

గోడ టెస్టులో నడుము వెంటనే లేచిపోయింది, చేతులు చెవుల దాకా కూడా పోలేదు. కర్రతో తిరిగితే కుడివైపు ఎడమవైపులో సగమే. వీడియోలో పట్టు బాగానే ఉంది మాస్టారూ, వీ ఆకారం మీరు చెప్పిన చోటే. కానీ రాకెట్ తల వీపు వెనక్కి పడట్లేదు, చెవి పక్కనే ఆగిపోతోంది. పైగా చెయ్యి వెనక్కి వెళ్లాక అక్కడే ఆగి, కాక్ కోసం ఎదురుచూసి, తర్వాత కొడుతున్నా.

అయినా నా వాదన సగం నిలిచింది అంటాను. కోచ్ చేయించినవన్నీ కాళ్ల స్ట్రెచింగులే, ఒక్కటీ వెన్నుకు కాదు. ఏ కీలుకు, ఎందుకు అని చెప్పకుండా "స్ట్రెచింగ్ చెయ్యండి" అనడం సలహా కాదు.

వైజాగ్_ఫిజియో

ఆ సగం ఒప్పుకుంటాను :)

మీరు చెప్పిన ఆ ఆగడం చాలా ముఖ్యం. కండరం సాగిన వెంటనే ముడుచుకుంటే, సాగినప్పుడు దాచుకున్న శక్తి కూడా దెబ్బలో కలుస్తుంది. సాగదీసి అలాగే ఆపితే అది ఊరికే పోతుంది. వంపు పెంచుకుని కూడా పవర్ రాలేదని తిరిగేవాళ్లలో చాలామందిది ఇదే కథ. చేతిని ముందే వెనక పెట్టుకుని నిలబడకండి. మోచెయ్యి పైనే ఉంచి, కాక్ దిగే టైముకు రాకెట్ తలను వెనక్కి పడనిచ్చి, అదే ఊపులో పైకి రండి. ఎడమ చెయ్యి కాక్ వైపు చాచి ఉంచి, కొట్టేటప్పుడు పొట్ట వైపు లాగండి. అది తుంటినీ ఛాతీనీ తిప్పుతుంది.

వెన్నుకు ఇవి చాలు: పక్కకు పడుకుని, మోకాళ్లు మడిచి, పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవడం. దుప్పటిని గట్టి రోలులా చుట్టి ఛాతీ వెనక అడ్డంగా పెట్టుకుని, తల కింద చేతులతో, మెల్లగా వెనక్కి వాలడం. నడుము కింద పెట్టకండి. ఒక్కో కండరాన్ని నిమిషం దాటి లాగి పట్టుకునేవి ఆట అయ్యాక చెయ్యండి. ఆటకు ముందు అలా చేస్తే కాసేపు చటుక్కున కొట్టే శక్తి కొంత తగ్గుతుంది. ముందు మాత్రం చేతులు తిప్పడం, లంజెస్ (ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచడం), రాకెట్ లేకుండా స్వింగ్, తర్వాత తేలిక క్లియర్లు.

తణుకు_మాస్టారు

వెన్ను పని సాయంత్రం ఇంట్లో చేసుకోండి, ఎవరొద్దన్నారు. కోర్టులో మాత్రం పాత కాక్ తీసుకుని నెట్ అవతలికి చేత్తో విసరండి. వెనక గీత దగ్గర నిలబడి విసిరితే మీ చెయ్యి ఎక్కడ ఆగుతోందో మీకే తెలుస్తుంది. విసిరేటప్పుడు ఎవరూ మధ్యలో ఆగరు. ఆ విసురే రాకెట్‌తో. తర్వాత గోడకు అడుగు దూరంలో నిలబడి, మోచెయ్యి కదలకుండా, ముంజేయి తిప్పి రాకెట్‌తో గోడను తేలిగ్గా తట్టండి, పాత రాకెట్టే సుమా. నా లెక్కలో ఇవి ముందు, వంపు తర్వాత. మేడమ్ ఒప్పుకోకపోయినా సరే.

వైజాగ్_ఫిజియో

ఒప్పుకోను మాస్టారూ. చెవి పక్కన ఆగే రాకెట్ విసిరితే వెనక్కి పడదు, కీలు వదిలితే పడుతుంది. రెండూ ఒకేరోజు మొదలుపెట్టమంటాను, విసురు మాత్రం మొదటి వారాల్లో సగం జోరుతోనే.

అమలాపురం_అల్లుడు

ఇవన్నీ ఎందుకు, రాకెట్ స్ట్రింగ్ బిగుతు 28 పౌండ్లు వేయించి జంప్ స్మాష్ నేర్చుకుంటే సరిపోదా?

నెట్_డ్రిబుల్

28 వేయిస్తే రాకెట్ మధ్యలో సరిగ్గా తగిలితేనే కాక్ పోతుంది, మిగతా చోట్ల చెయ్యి అదురుతుంది. పవర్ లేదనేవాళ్లు 23, 24 దగ్గర ఉండాలి. జంప్ ఇచ్చేది ముఖ్యంగా కోణం. ఎగిరినంత మాత్రాన స్పీడు రాదు, పైగా దిగేది ఈ వయసు మోకాళ్ల మీదే. కూకట్‌పల్లి గారూ, వీడియో ముందు నుంచి కూడా ఒకటి తీసి పెట్టండి. కాక్ భుజం ముందు తగులుతోందో తల మీద తగులుతోందో పక్క నుంచి ఒక్కదాంట్లో తేలదు.